గడ్డకట్టిన నది ఫొటో దేనికి సాక్ష్యం? ఇంగ్లండ్ పాత ఛాయాచిత్రాలను మళ్లీ చూసినప్పుడు

1963 జనవరిలో ఆక్స్‌ఫర్డ్ దగ్గర గడ్డకట్టిన థేమ్స్ నది మీద ఒక కారును నడిపారు. పడవలు తిరగాల్సిన చోట చక్రాలు తిరిగిన ఆ నలుపు తెలుపు దృశ్యం, ఇంగ్లండ్‌లో కాస్త గట్టిగా చలి పెట్టినప్పుడల్లా, మరికొన్ని పాత మంచు ఫొటోలతో కలిసి మళ్లీ చేతులు మారుతుంటుంది. దాని వెంట రెండు వ్యాఖ్యలూ తిరుగుతుంటాయి. చలికాలమంటే అదీ, ఇప్పుడు ఆ మంచేదీ, వాతావరణం మారిపోయిందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలని ఒకరంటారు. అంత విపరీతం అరవై ఏళ్ల కిందటే వచ్చిందంటే వాతావరణం ఎప్పుడూ ఎగుడుదిగుడుగానే ఉందని, కొత్తగా కంగారు పడాల్సిందేమీ లేదని మరొకరంటారు. ఒకే సాక్షిని ఇరుపక్షాలవారూ తమవాడేనని చెప్పుకుంటున్నప్పుడు, ఆ సాక్షి అసలు ఏం చూశాడో, ఎక్కడ నిలబడి చూశాడో ముందు విచారించాలి. ఇంగ్లండ్ పల్లెసీమల, కట్టడాల, చలికాలపు దృశ్యాల పాత ఫొటోలను ఏ ప్రశ్నలు అడగవచ్చో, ఏవి అడిగితే అవి జవాబు చెప్పలేవో విడదీసి చూడటమే ఇక్కడి పని.

‘మంచు’ అనే ఒక్క మాటలో నాలుగు సంగతులు

తెలుగులో ఈ విషయం మాట్లాడేటప్పుడు మొదటి చిక్కు మన మాటతోనే వస్తుంది. ఆకాశం నుంచి దూదిపింజల్లా రాలేదీ మంచే, తెల్లవారేసరికి గడ్డి మీద ఉప్పు చల్లినట్టు పేరుకునేదీ మంచే, నీరు గట్టిపడి రాయిలా మారినదీ మంచే, నాలుగడుగుల దూరంలోని మనిషిని కనపడనివ్వని పొగమంచూ మంచే. ఇంగ్లీషువారు వీటిని స్నో, ఫ్రాస్ట్, ఐస్, ఫాగ్ అని వేరువేరుగా చెబుతారు. డిసెంబరులో లంబసింగిలో మంచు కురిసిందని మన పత్రికలు రాసినప్పుడు అది ఫ్రాస్టో ఫాగో అయి ఉంటుంది తప్ప స్నో కాదు.

ఒక్కోదానికి కావలసిన పరిస్థితులు వేరు కాబట్టి పాత ఫొటోల దగ్గరికి వచ్చేసరికి ఈ తేడా ముఖ్యమవుతుంది. రాలే మంచుకు చలి ఒక్కటే చాలదు, గాలిలో తేమా ఉండాలి. గడ్డి మీది తెల్లని తుషారానికి మబ్బులేని, గాలి ఆడని ఒక్క రాత్రి సరిపోతుంది. నది గడ్డకట్టాలంటే మాత్రం రోజుల తరబడి, కొన్నిసార్లు వారాల తరబడి చలి విడవకుండా పట్టి ఉండాలి. ఇక పాత లండన్ దృశ్యాలకు అంత అందాన్నిచ్చే పొగమంచులో చాలా భాగం ఇళ్లలో, కార్ఖానాల్లో కాల్చిన బొగ్గు పొగ. 1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు లండన్‌ను కమ్మేసిన పొగమంచు వేలమందిని పొట్టనబెట్టుకుంది. 1956లో వచ్చిన స్వచ్ఛ గాలి చట్టానికి అదే కారణం. కాబట్టి ఆ మసక వెలుతురు ఇప్పటి ఫొటోల్లో తగ్గిందంటే అది చలి తగ్గినందువల్ల జరిగిన మార్పు కాదు, బొగ్గు పొయ్యిలు ఆరినందువల్ల జరిగినది.

‘వైట్ క్రిస్మస్’ అనే మాటలోనూ ఇలాంటి తిరకాసే ఉంది. బ్రిటన్ వాతావరణ శాఖ అయిన మెట్ ఆఫీస్ నిర్వచనం ప్రకారం డిసెంబరు 25న ఇరవై నాలుగు గంటల్లో ఒక్క మంచు రేకు రాలడం కనిపించినా అది వైట్ క్రిస్మస్సే. ఆ లెక్కన అది అంత అరుదు కాదు. కానీ పాత గ్రీటింగ్ కార్డుల్లో చూపినట్టు దేశంలో చాలా చోట్ల నేల మీద మంచు పరుచుకుని ఉన్న క్రిస్మస్‌లు 1960 తర్వాత నాలుగే లెక్కకు వస్తాయి: 1981, 1995, 2009, 2010. రాలడం వేరు, నిలవడం వేరు. ఫొటోకు చిక్కేది ఎక్కువగా నిలిచిన మంచే.

గాజు పలక కంటికి ఆకాశం ఎలా కనబడింది

పాత ఫొటోల్లో ఆకాశం తెల్ల కాగితంలా ఎందుకుంటుందన్నది చాలామందికి వచ్చే సందేహం. ఇంగ్లండ్ కదా, మబ్బు పట్టి ఉంటుందిలే అని సరిపెట్టుకుంటాం. అసలు కారణం రసాయనంలో ఉంది. తొలి దశాబ్దాల నెగెటివ్‌లలో వాడిన వెండి లవణాలకు నీలి కాంతి తెలిసినంతగా పసుపు, ఎరుపు తెలియవు. నీలాకాశం వాటి మీద విపరీతంగా పనిచేయడంతో, ముద్ర తీశాక ఆకాశమంతా తెల్లగా వచ్చేది. నీలానికీ తెల్లమబ్బుకూ తేడా మిగిలేది కాదు. 1873లో హెర్మన్ ఫోగెల్ అనే జర్మన్ శాస్త్రవేత్త కొన్ని అద్దకాలు కలిపితే ఆకుపచ్చ రంగును కూడా పలక గుర్తిస్తుందని కనిపెట్టాడు. అన్ని రంగులకూ స్పందించే పాన్‌క్రోమాటిక్ పలకలు బ్రిటన్ అంగళ్లలోకి వచ్చింది 1906లో.

ఈలోగా ఫొటోగ్రాఫర్లు ఊరుకోలేదు. నేల కోసం ఒక నెగెటివ్, మబ్బుల కోసం ఇంకొకటి తీసి రెంటినీ ఒకే కాగితం మీద ముద్రించేవారు. నచ్చిన మబ్బుల నెగెటివ్‌ను దాచుకుని వేరువేరు ఊళ్ల మీద అదే ఆకాశాన్ని పరిచినవారూ ఉన్నారు. ఆనాటి లెక్కలో అది మోసం కాదు, పలక చేయలేని పనిని చేత్తో పూర్తి చేయడం. కాకపోతే 1870ల నాటి ఫొటోలో అందంగా గుంపులు కట్టిన మబ్బులను చూసి ఆ రోజు వాతావరణం ఫలానా అని చెప్పబూనితే మాత్రం తప్పులో కాలేసినట్టే.

మంచు దృశ్యాలకు ఈ లోపం మరింత గట్టిగా తగులుతుంది. ఎండలో మెరిసే మంచు తెల్లన. దాని మీద పడే నీడలకు ఆకాశపు నీలం అంటుకుని ఉంటుంది. నీలానికి అతిగా స్పందించే పలక ఆ నీడలను కూడా తెల్లగా చేసేస్తుంది. దాంతో మంచులోని గుంతలు, గాలి గీసిన చారలు, అడుగుజాడలు చెరిగిపోయి అంతా ఒకే సున్నపు గోడలా వస్తుంది. అలాంటి ఫొటో చూసి మోకాలి లోతు మంచు పడిందని ఊహించుకుంటాం. అక్కడ ఉన్నది రెండంగుళాలే కావచ్చు.

ఇంకొక సంగతి పని పద్ధతికి సంబంధించినది. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడి కొలోడియన్ పద్ధతిలో, గాజు పలకకు మందు పూసి, అది ఆరకముందే ఫొటో తీసి, ఆరకముందే కడగాలి. అంటే చీకటి గుడారాన్నీ, మందు సీసాలనూ, నీళ్లనూ ఫొటోగ్రాఫరు కొండలూ పొలాలూ దాటించి మోసుకెళ్లాలి. వేళ్లు కొంకర్లు పోయే చలిలో, పొద్దు నాలుగింటికే వాలిపోయే రోజుల్లో ఆ పని ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. ముందే తయారై పెట్టెలో దొరికే పొడి పలకలు 1870ల చివర్లో వాడుకలోకి వచ్చాకే చలికాలపు దృశ్యాలు తీయడం తేలికైంది. 1900లో అయిదు షిల్లింగుల బ్రౌనీ కెమెరా వచ్చాక పిల్లలు సైతం మంచు బొమ్మ పక్కన నిలబడి ఫొటోలు తీసుకోగలిగారు. కాబట్టి 1860ల కన్నా 1890ల నుంచి మంచు ఫొటోలు ఎక్కువ దొరుకుతున్నాయంటే దాన్ని బట్టి మంచు పెరిగిందని అనలేం.

ఎవరు తీశారు, ఎందుకు తీశారు

ఫ్రాన్సిస్ ఫ్రిత్ 1860 ప్రాంతంలో సర్రేలోని రైగేట్‌లో సంస్థ పెట్టి, బ్రిటన్‌లోని ప్రతి ఊరినీ ఫొటో తీయించాలని పూనుకున్నాడు. ఆయన ఉద్దేశం వ్యాపారం. రైలెక్కి విహారానికి వచ్చినవాళ్లు కొనుక్కుపోవడానికి అందంగా, శుభ్రంగా ఉన్న దృశ్యాలు కావాలి. చర్చి, వంతెన, చెరువుగట్టు, పెద్ద వీధి ఆ సంస్థ నెగెటివ్‌లలో పదేపదే కనిపిస్తాయి. పెరటి మరుగుదొడ్లూ కూలీల ఇళ్ల వెనక సందులూ అరుదు.

దీనికి పక్కనే వేరే ఉద్దేశంతో తీసినవి ఉన్నాయి. 1875లో లండన్‌లోని ఆక్స్‌ఫర్డ్ ఆర్మ్స్ అనే పాత సత్రాన్ని కూల్చబోతున్నారని తెలిసి, పోయేలోగా దాన్ని పదిలపరచాలని కొందరు కలిసి ఒక సంఘంగా ఏర్పడ్డారు. 1886 దాకా నడిచిన ఆ సంఘం లండన్ పాత కట్టడాల ఫొటోలు 120 వెలువరించింది. 1897లో సర్ బెంజమిన్ స్టోన్ అనే పార్లమెంటు సభ్యుడు ఇదే పనిని దేశమంతటికీ విస్తరించి, ఔత్సాహికులు తీసిన ఫొటోలను బ్రిటిష్ మ్యూజియానికి చేర్చే సంఘం పెట్టాడు. 1940 నవంబరు 14న బాంబుదాడిలో కోవెంట్రీ కేథడ్రల్ కాలిపోయాక, ఏ కట్టడం ఎప్పుడు పోతుందో తెలియని స్థితిలో 1941లో జాతీయ కట్టడాల రికార్డు మొదలైంది. అంటే ఒక రకం ఫొటోలు అమ్మడానికి తీసినవి, మరో రకం పోగొట్టుకుంటామన్న భయంతో తీసినవి. మొదటి రకాన్ని మాత్రమే చూస్తే పాత ఇంగ్లండ్ అంతా పూలతోటలా కనిపిస్తుంది, రెండో రకాన్ని మాత్రమే చూస్తే అంతా శిథిలంలా కనిపిస్తుంది.

మంచు ఫొటోలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. రోజూ జరిగేదాన్ని ఎవరూ ఫొటో తీసి దాచుకోరు. మన ఇళ్లలో వరదొచ్చిన ఏడాది ఫొటో ఉంటుంది; మామూలుగా వాన పడ్డ జూలై మధ్యాహ్నం ఫొటో ఉండదు. దక్షిణ ఇంగ్లండ్‌లో ముసురు పట్టి, బురదగా, ఏడెనిమిది డిగ్రీల దగ్గర ఈడుస్తూ గడిచిపోయే జనవరి రోజులే ఎక్కువ. వాటిని ఎవరూ తీయలేదు, తీసినా ఆల్బంలో పెట్టలేదు. చేతికి వచ్చిన పాత చలికాలపు ఫొటోలను లెక్కపెట్టి పాత చలికాలాలను అంచనా వేస్తే, పెళ్లి ఫొటోలు చూసి ఆ ఇంట్లోవాళ్లు రోజూ పట్టుబట్టలే కట్టేవారని అనుకున్నట్టవుతుంది.

థేమ్స్ గడ్డకట్టడం వెనక మూడు కారణాలు

ఇక మొదట చెప్పిన నది దగ్గరికి వద్దాం. లండన్ నడిబొడ్డున గడ్డకట్టిన థేమ్స్ మీద అంగళ్లు పెట్టి, ఆటలాడి, అచ్చుయంత్రాలు తెచ్చి జ్ఞాపికలు ముద్రించి అమ్మిన ‘ఫ్రాస్ట్ ఫెయిర్’ జాతరలు చాలాసార్లు జరిగాయి. చివరిది 1814 ఫిబ్రవరిలో. ఫొటోగ్రఫీని లోకానికి ప్రకటించింది 1839లో. కాబట్టి లండన్ మంచు జాతర ఫొటో అంటూ ఎవరైనా చూపిస్తే, తేదీలు చూస్తే చాలు, అది నమ్మదగినది కాదని తేలిపోతుంది. మనకున్నవి చిత్రపటాలూ చెక్కడాలూ మాత్రమే. 1895 ఫిబ్రవరి నాటి నిజమైన ఫొటోలున్నాయి. వాటిలో లండన్ దగ్గర నది మీద పెద్ద పెద్ద మంచుగడ్డలు తేలుతూ కనిపిస్తాయి. అవి తేలుతున్న గడ్డలు. జాతర నడపగల గట్టి పలక కాదు.

1814 తర్వాత లండన్‌లో నది ఎందుకలా గడ్డకట్టలేదు? చలి తగ్గినందువల్లేననడం సులభం. అయితే ఒక లెక్క దానికి అడ్డం వస్తుంది. మధ్య ఇంగ్లండ్ ఉష్ణోగ్రతల శ్రేణి అని ఒకటుంది. గార్డన్ మాన్లీ కూర్చిన ఈ నెలవారీ లెక్కలు 1659 దాకా వెనక్కి వెళ్తాయి, ప్రపంచంలో పరికరాలతో కొలిచిన ఉష్ణోగ్రతల శ్రేణుల్లో ఇంత పొడవైనది ఇంకోటి లేదు. దాని ప్రకారం 1962-63 చలికాలపు సగటు సున్నాకు 0.3 డిగ్రీలు కింద. 1740 తర్వాత అంత చల్లని చలికాలం లేదు. అంటే మూడు నెలల సగటు తీసుకుంటే 1814 నాటిది 1963 నాటిదానికన్నా వెచ్చనిదే. అయినా 1963లో లండన్‌కు ఎగువన ఉన్న ఆక్స్‌ఫర్డ్, విండ్సర్ దగ్గర నది గట్టిపడింది, లండన్ నడిమధ్యన గట్టిపడలేదు.

జవాబు నది ఆకారంలో దొరుకుతుంది. పాత లండన్ వంతెనకు ఇరుకైన కమానులు దాదాపు ఇరవై ఉండేవి. వాటి పునాదుల దిమ్మలు ఆనకట్టలా పనిచేసి ఎగువ నీటిని నెమ్మదింపజేసేవి, కొట్టుకొచ్చిన మంచుముక్కలు అక్కడే ఇరుక్కుని ఒకదానికొకటి అతుక్కునేవి. 1831లో కొత్త వంతెన తెరిచాక ఆ పాతదాన్ని కూల్చేశారు. ఆ తర్వాత 1870లో పూర్తయిన విక్టోరియా ఎంబాంక్‌మెంట్ వంటి కరకట్టలు నదిని ఇరుకు చేసి ప్రవాహాన్ని వేగవంతం చేశాయి, సముద్రపు ఆటుపోట్లు అడ్డులేకుండా పైకి రాసాగాయి. కదిలే నీరు, అందులో ఉప్పు కలిసిన నీరు, అంత తేలిగ్గా గడ్డకట్టదు. కాబట్టి గడ్డకట్టిన నది ఫొటోకు, లేదా బొమ్మకు, కారణాలు మూడు: గాలి ఎంత చల్లగా ఉంది, ఆ చలి ఎన్నాళ్లుంది, ఆ చోట నది ఏ తీరున పారుతోంది. మొదటిదాని గురించి మాట్లాడాలంటే మిగిలిన రెండింటినీ ముందు తీసి పక్కన పెట్టాలి. ఆక్స్‌ఫర్డ్ కారు ఫొటోను లండన్ జాతర బొమ్మ పక్కన పెట్టి పోల్చేవారు ఇక్కడే తప్పిపోతున్నారు.

అయితే చలికాలాలు మారాయా, లేదా?

మారాయి. కానీ ఆ మాట చెప్పవలసింది కొలతలు. బ్రిటన్‌లో 1961-1990 సగటుతో పోలిస్తే 1991-2020 సగటు ఉష్ణోగ్రత సుమారు 0.8 డిగ్రీలు ఎక్కువ. దేశపు వార్షిక సగటు 10 డిగ్రీలు దాటడం 2022లో మొదటిసారి జరిగింది. అదే ఏడాది జూలై 19న లింకన్‌షైర్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదైంది. ఈ అంకెలలో ఏ ఒక్కటీ ఫొటోలో కనిపించేది కాదు. 0.8 డిగ్రీల తేడాను ఏ కెమెరా పట్టుకోగలదు?

రెండో పక్షం మాటలోనూ కొంత నిజముంది. విపరీతమైన చలికాలాలు పాత రోజుల్లోనూ అరుదే. 1947లో జనవరి 22 నుంచి మార్చి 17 దాకా ప్రతి రోజూ బ్రిటన్‌లో ఎక్కడో ఒకచోట మంచు పడింది. అంతకు ముందూ వెనకా ఉన్న ఏళ్లు అలా లేవు. వెచ్చబడుతున్న కాలంలో కూడా గట్టి చలి రాగలదు: 1910 నుంచి ఉన్న బ్రిటన్ లెక్కల్లో అన్నిటికన్నా చల్లని డిసెంబరు 2010లో వచ్చింది. అదే ఏడాది జనవరి 7న నాసా ఉపగ్రహం తీసిన చిత్రంలో బ్రిటన్ ద్వీపం దాదాపు మొత్తం తెల్లగా కనిపిస్తుంది. ఆ చిత్రాన్ని నూరేళ్ల తర్వాత ఎవరైనా చూస్తే 2010 ప్రాంతంలో ఇంగ్లండ్ మంచుదేశమని అనుకునే ప్రమాదం లేకపోలేదు.

అయితే విపరీతాలు అప్పుడూ ఉన్నాయి కాబట్టి సగటు మారలేదనడం తర్కానికి నిలవదు. ఒక్క రోజు ఏం జరిగిందన్నది వాతావరణం. ముప్ఫై ఏళ్ల సగటు ఎటు జరిగిందన్నది శీతోష్ణస్థితి. తెలుగులో రెండింటికీ వాతావరణం అనే మాటే వాడేస్తుండటం వల్ల మనకు ఈ గందరగోళం ఇంకొంచెం ఎక్కువ. ఫొటో మొదటిదానికి మంచి సాక్షి. రెండోదాన్ని అది చూడనేలేదు.

నీడ, తపాలా బిళ్ల, సింహాలు: తేదీ కనుక్కునే తీరు

ఫొటో ఏ ప్రశ్నకు గట్టిగా జవాబిస్తుందంటే, అక్కడ అప్పుడు ఏముందన్నదానికి. ఆ ‘అప్పుడు’ ఎప్పుడో తేల్చడం ముందు పని. ట్రఫాల్గర్ స్క్వేర్‌లోని నెల్సన్ స్తంభాన్ని ఫొటోగ్రఫీ ఆద్యుల్లో ఒకడైన విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ 1844లో తీశాడు. స్తంభం అడుగున ఇంకా కర్రల పరంజా ఉంది, చుట్టూ కట్టిన చెక్కల దడి నిండా గోడపత్రికలు అంటించి ఉన్నాయి. అంటించరాదని రాసిన చోటే అంటించారు. స్తంభం కింద ఇప్పుడు పిల్లలు ఎక్కి కూర్చునే నాలుగు కంచు సింహాలు అందులో లేవు. అవి 1867లో గాని రాలేదు. కాబట్టి తేదీ తెలియని ఏ ట్రఫాల్గర్ స్క్వేర్ ఫొటోలోనైనా సింహాలు లేకపోతే అది 1867కు ముందుది.

స్టోన్‌హెంజ్ అనే నిలువురాళ్ల వలయం ఇంకా మంచి ఉదాహరణ, ఎందుకంటే అయిదు వేల ఏళ్ల నాటిది కదా, మారి ఉండదులే అనుకుంటాం. అక్కడ 1900 డిసెంబరు 31న ఒక నిలువు రాయీ దాని అడ్డరాయీ పడిపోయాయి. బాగా వాలిపోయిన ఇంకో పెద్ద రాయిని 1901లో నిటారుగా నిలబెట్టి కాంక్రీటు పోశారు. 1797లో కూలిన మూడు రాళ్ల ద్వారాన్ని 1958లో తిరిగి లేపారు. ఇప్పుడు మీ చేతిలో తేదీలేని ఫొటో ఒకటుంది: ఆ పెద్ద రాయి వాలి ఉంది, 1900లో పడిన రాయి నేల మీదుంది. అయితే అది 1901లో, ఆ పెద్ద రాయిని నిలబెట్టేలోగా తీసినది. కూలిన ద్వారం నిలబడి కనిపిస్తే 1958 తర్వాతది. ఈ లెక్క ఇంకో నిజాన్ని కూడా బయటపెడుతుంది. ఈనాటి యాత్రికుడు అనాదిగా ఉన్నదనుకుని ఫొటో తీసుకునే అమరికలో కొంత భాగం అతని తాతల కాలంలో క్రేన్లతో నిలబెట్టినదే.

పోస్టుకార్డుల విషయంలో వెనక వైపు తిప్పి చూడాలి. చిరునామాకు సగం, ఉత్తరానికి సగం అని గీత గీసిన కార్డులను బ్రిటన్ 1902లో అనుమతించింది. దేశం లోపల పోస్టుకార్డుకు అర పెన్నీ బిళ్ల 1918 జూన్ దాకా చెల్లింది, ఆ తర్వాత ఒక పెన్నీ. అంటే గీత ఉండి, అర పెన్నీ బిళ్ల మీద ఏడవ ఎడ్వర్డ్ తల ఉంటే ఆ కార్డును 1902కూ 1910ల తొలి ఏళ్లకూ మధ్య పోస్టు చేసి ఉంటారు. ఇక్కడొక మెలిక ఉంది: అది పోస్టు చేసిన కాలం, ఫొటో తీసిన కాలం కాదు. కార్డుల కంపెనీలు అమ్ముడుపోయే దృశ్యాన్ని ఇరవై ముప్ఫై ఏళ్లు మళ్లీ మళ్లీ అచ్చువేసేవి.

మంచు లేకపోయినా చలికాలాన్ని పట్టించేది నీడ. లండన్ 51.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. డిసెంబరు 21న నడిమధ్యాహ్నం అక్కడ సూర్యుడు దిగంతానికి సుమారు 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. జూన్ 21న దాదాపు 62 డిగ్రీలు. పది మీటర్ల స్తంభం నీడ డిసెంబరు మధ్యాహ్నం 37 మీటర్లు సాగితే, జూన్‌లో అయిదు మీటర్లకు కుదించుకుపోతుంది. విజయవాడలో అదే స్తంభం నీడ డిసెంబరు మధ్యాహ్నం ఎనిమిదిన్నర మీటర్లు కూడా ఉండదు. మనకు పొద్దున ఏడున్నర, ఎనిమిది మధ్య ఉండే ఏటవాలు వెలుతురు ఇంగ్లండ్ చలికాలంలో మధ్యాహ్నమంతా ఉంటుందన్నమాట. అక్కడి చలికాలపు ఫొటోలకు మనం ఆపాదించే దిగులులో చాలా వాటా ఈ లెక్కది. ఎడం వైపు గోపురం నీడ రోడ్డు దాటి ఎదుటి ఇంటి పైకప్పుదాకా పాకిందంటే, చెట్లకు ఆకులున్నాయో లేవో చూడకముందే కాలం చెప్పవచ్చు.

అదే చోట మళ్లీ నిలబడటం

పాత ఫొటో తీసిన చోటే నిలబడి, అదే కోణంలో మళ్లీ తీసి రెంటినీ పోల్చడాన్ని పునఃఛాయాచిత్రణ అంటారు. చూడటానికి సులువు, చేయడానికి కష్టం. ఉదాహరణకు పాత ఫొటోలో పది మీటర్ల దూరంలో ఒక రాతి స్తంభం, దాని అంచుకు సరిగ్గా ఆనుకున్నట్టు రెండు వందల మీటర్ల అవతల చర్చి శిఖరం కనిపిస్తున్నాయనుకుందాం. మీరు ఒక్క మీటరు కుడికి జరిగితే స్తంభం మీ చూపులో దాదాపు 5.7 డిగ్రీలు ఎడమకు పోతుంది, శిఖరం 0.3 డిగ్రీ కూడా కదలదు. రెండూ విడిపోతాయి. అందుకే అనుభవమున్నవారు ముందు లెన్స్ గురించి ఆలోచించరు. దగ్గరి వస్తువూ దూరపు వస్తువూ పాతదానిలో లాగానే కలిసేదాకా పక్కకూ వెనక్కీ జరుగుతూ పోతారు. వస్తువుల మధ్య పొందికను నిర్ణయించేది నిలబడ్డ చోటు. లెన్స్ ఆ దృశ్యంలో ఎంత మేర కత్తిరించి ఇవ్వాలో నిర్ణయిస్తుంది.

ఒక్కోసారి నిలబడటానికి ఆ చోటే ఉండదు. సఫోక్ తీరంలోని డనిచ్ మధ్యయుగంలో పెద్ద రేవు పట్టణం. తుఫాన్లూ అలలూ దాన్ని వీధి వెంట వీధి మింగేశాయి. మిగిలిన ఆల్ సెయింట్స్ చర్చి 1904 నాటికి కొండచరియ అంచుకు వచ్చింది, 1919లో గోపురం కూలింది. ఈ పదిహేనేళ్లలో తీసిన ఫొటోలను వరుసగా పేర్చితే, మొదట చర్చి మొత్తం, తర్వాత తూర్పు భాగం లేని చర్చి, తర్వాత గోపురం ఒక్కటే, ఆ తర్వాత ఏమీ లేదు. కోత ఏ క్రమంలో జరిగిందో ఇంత స్పష్టంగా ఏ రాత పత్రమూ చెప్పలేదు. అలాగని ఏడాదికి ఇన్ని అడుగులని దీన్నుంచి సగటు తీసి భవిష్యత్తుకు అంటగట్టడం కుదరదు. చరియలు కొన్నేళ్లు కదలకుండా ఉండి, ఒక్క తుఫాను రాత్రి ఒక్కసారిగా జారిపోతాయి. ఉప్పాడ తీరం చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఎవరూ గమనించకుండా పోయినవి

చర్చి కూలితే అందరూ చూస్తారు. చెట్లు పోతే తెలియడానికి సమయం పడుతుంది. 1960లకు ముందు తీసిన దక్షిణ ఇంగ్లండ్ పల్లె ఫొటోల్లో పొలం గట్ల వెంట, చర్చి వెనక, మేఘాల్లా గుబురుగా లేచిన ఎత్తైన చెట్లు కనిపిస్తాయి. అవి ఎల్మ్‌లు. 1960ల చివర్లో ఉత్తర అమెరికా నుంచి వచ్చిన దుంగలతో పాటు దిగిన ఒక శిలీంధ్రాన్ని బెరడు పురుగులు చెట్టునుంచి చెట్టుకు మోసుకెళ్లాయి. దేశంలో రెండున్నర కోట్లకు పైగా ఎల్మ్‌లు చచ్చిపోయాయి. 1980ల్లో పుట్టినవారికి వాటి లోటు తెలియదు; వారికి గట్లు మొదటినుంచీ బోసిగానే ఉన్నాయి. ప్రతి తరమూ తాను చిన్నప్పుడు చూసినదాన్నే సహజమైన స్థితిగా లెక్కగడుతుందని డేనియల్ పాలీ అనే మత్స్య శాస్త్రవేత్త 1995లో చేపల సంపద గురించి చెప్పిన మాట ఇక్కడికీ అతుకుతుంది. నా మట్టుకు, పాత ఫొటోలు చేయగల అతి విలువైన పని ఇదే. మంచు గురించి అవి ఇచ్చే సాక్ష్యం బలహీనం, గట్టు మీద చెట్ల గురించి ఇచ్చేది బలమైనది. మనం మొదటిదాని కోసం ఎగబడి రెండోదాన్ని చూడకుండా వదిలేస్తున్నాం.

దీనికి వ్యతిరేకమైన కథ సికమోర్ గ్యాప్ చెట్టుది. నార్తంబర్లండ్‌లో రోమన్ల కాలపు హేడ్రియన్ గోడ ఒక పల్లంలోకి దిగే చోట 19వ శతాబ్దం చివర్లో నాటిన ఈ ఒంటిచెట్టు, మంచులోనూ ఉత్తర ధ్రువకాంతిలోనూ లెక్కలేనన్ని ఫొటోలకెక్కింది. 2023 సెప్టెంబరు 27 రాత్రి దాటి తెల్లవారేసరికి దాన్ని రంపంతో నరికేశారు. ఇద్దరికి 2025లో జైలుశిక్ష పడింది. ఒక్క చెట్టు పోతే దేశమంతా తల్లడిల్లింది, కోట్ల చెట్లు పోయినప్పుడు పెద్దగా ఫొటోలే లేవు.

రంగులద్దడం: పునరుద్ధరణా, కల్పనా?

కొన్నేళ్లుగా కొత్త తగువు రంగుల మీద నడుస్తోంది. కృత్రిమ మేధతో నలుపు తెలుపు ఫొటోకు క్షణాల్లో రంగులద్ది, మసకగా ఉన్న ముఖాలకు గీతలు దిద్ది ఇచ్చే పరికరాలు ఇప్పుడు ఫోనులోనే ఉన్నాయి. సమర్థించేవారి వాదన తీసిపారేయదగినది కాదు: నలుపు తెలుపు మనకూ ఆ కాలానికీ మధ్య అద్దంలా అడ్డుపడుతుంది, ఆనాటివారు బూడిదరంగు లోకంలో బతకలేదు, రంగు చూస్తే పిల్లలకు ఆసక్తి కలుగుతుంది. పైగా ఇది కొత్త పనీ కాదు. 1890ల్లోనే జ్యూరిక్‌లోని ఒక సంస్థ నలుపు తెలుపు నెగెటివ్‌లను రంగుకొక రాయి చొప్పున లిథో రాళ్ల మీదికి ఎక్కించి, ఇంగ్లండ్ సముద్రతీరాల రంగుల ముద్రలను లోకమంతా అమ్మింది. సముద్రం నీలం ఎంత గాఢంగా ఉండాలన్నది అచ్చుపనివారే నిర్ణయించేవారు.

అభ్యంతరం చెప్పే చరిత్రకారులు అడిగేది ఒక్కటే: ఈ రంగు ఎక్కడినుంచి వచ్చింది? బిగ్ బెన్ గడియారాన్ని తీసుకుందాం. చాలాకాలంగా దాని ముళ్లూ అంకెల చట్రాలూ నల్లగా ఉండటం అందరికీ అలవాటు. 2017-2022 మధ్య మరమ్మతులు చేసినప్పుడు పాత రంగుపొరలు పరిశీలిస్తే, విక్టోరియా కాలంలో అవి ప్రష్యన్ నీలంలో ఉండేవని తేలి, మళ్లీ నీలమే వేశారు. 1990ల ఫొటోలు చూసి నేర్చుకున్న యంత్రం 1860ల గడియారానికి ధైర్యంగా నలుపు వేస్తుంది. నలుపు తెలుపు ఫొటో ‘నాకు తెలియదు’ అని ఊరుకున్న చోట, రంగుల ఫొటో తెలిసినట్టు మాట్లాడుతుంది. ఇలాంటి తప్పే తలకిందులుగానూ జరుగుతుంది: పాత ఫొటోల్లో నల్లగా కనిపించే సెయింట్ పాల్స్ కేథడ్రల్ రాయిని యంత్రం ఇప్పటి తెల్లరాయిలా దిద్దవచ్చు. ఆ నలుపు నిజమే, బొగ్గు మసి. దాన్ని కడిగింది 1960ల్లో.

నాకు రెండో పక్షంవైపు మొగ్గు ఎక్కువ. అయినా అసలు ఫొటోను పక్కనే ఉంచి, ఇది ఊహ అని రాసి చూపితే రంగుల వల్ల నష్టమేమీ కనిపించదు. చిక్కంతా అసలుది మాయమై ఊహ మాత్రమే మిగిలినప్పుడు వస్తుంది. పదును పెంచే పరికరాలతో అయితే ఆ మాత్రం జాగ్రత్త కూడా చాలదు, ఎందుకంటే నెగెటివ్‌లో లేని కిటికీలను, దుకాణం బోర్డు మీద లేని అక్షరాలను అవి కల్పిస్తాయి. తేదీ కనుక్కోవడానికి మనం వెతికేది సరిగ్గా ఆ కిటికీలనూ అక్షరాలనే.

కిటికీ ఉంది, ఫొటో వెలిసిపోయింది

ఇప్పటికి నిలిచి ఉన్న నెగెటివ్‌లన్నిటిలో పాతది ఇంగ్లండ్‌లోనే తీసినది. విల్ట్‌షైర్‌లోని లేకాక్ ఆబీ అనే తన ఇంట్లో, చిన్న గాజుపలకలు పొదిగిన ఒక కిటికీని టాల్బట్ 1835 ఆగస్టులో తీశాడు. నెగెటివ్ పరిమాణం తపాలా బిళ్లంత. దాన్ని అంటించిన కాగితం మీద, మొదట తీసినప్పుడు కిటికీలోని సుమారు 200 గాజుపలకలను భూతద్దంతో లెక్కపెట్టగలిగేవారమని ఆయనే రాశాడు. ‘మొదట తీసినప్పుడు’ అన్నాడంటే, ఆ రాత రాసే నాటికే కొంత మసకబారిందన్నమాట. ఇప్పుడది బ్రాడ్‌ఫర్డ్‌లోని మ్యూజియం సేకరణలో ఉంది. వెలుతురులో పుట్టిన ఆ బొమ్మకు వెలుతురే ప్రమాదం.

లేకాక్ ఆబీ 1944 నుంచి, చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థ చేతిలో ఉంది. వెళ్లినవారు ఆ కిటికీ ముందు నిలబడి గాజుపలకలను లెక్కపెట్టుకోవచ్చు. భూతద్దం అక్కరలేదు.